పిత్తాశయంలో రాయికి ఓపిక పనికొస్తుంది, నాళంలో రాయికి పనికిరాదు

కందుకూరు నుంచి ఒక అమ్మాయి పంపిన ప్రశ్న ఇది, కొంచెం కుదించి పెడుతున్నాను. "మా అమ్మకు 54 ఏళ్ళు, షుగర్ ఉంది. రెండేళ్ళుగా గ్యాస్ నొప్పి అని మాత్రలు వాడుతోంది. పోయిన వారం రాత్రి నొప్పి బాగా వచ్చి వాంతులయ్యాయి. స్కానింగులో పిత్తాశయం నిండా చిన్న చిన్న రాళ్ళున్నాయి, వాటిలో పెద్దది 8 మి.మీ. అన్నారు. నాళం 9 మి.మీ. వెడల్పు ఉందట. రక్తపరీక్షలో కామెర్ల కొలత బిలిరుబిన్ 2.4. ఒంగోలులో చూపిస్తే వెంటనే ఆపరేషన్ అన్నారు. నెల్లూరులో చూపిస్తే ముందు ఎండోస్కోపీతో నాళం శుభ్రం చేయాలన్నారు. కామెర్ల పసరు తాగిస్తే ఈ రెండూ అక్కర్లేదని మా మేనమామ అంటున్నాడు. 8 మి.మీ. రాయికి ఇంత హడావిడి అవసరమా? పిత్తాశయం సంచి తీసేస్తే తిన్నది అరుగుతుందా?"

అమ్మా, ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. మీరు రాసిన అంకెలను బట్టి మీ అమ్మగారికి ఈ వారంలోనే ఎంఆర్‌సీపీ చేయించాలి. ఎంఆర్ఐ మిషను మీదే పడుకోబెట్టి పిత్తనాళాల బొమ్మ తీస్తారు, కోత ఉండదు, గొట్టం ఉండదు. నాళంలో రాయి కనబడితే నెల్లూరు డాక్టరు గారు చెప్పిన వరుస సరైనది: ముందు ఈఆర్‌సీపీ, అంటే ఎండోస్కోపీతో నాళంలో రాయి తీయడం, వెంటనే సంచి తీసే ఆపరేషన్. నాళం ఖాళీగా ఉంటే ఒంగోలు డాక్టరు గారి మాట ప్రకారం నేరుగా ఆపరేషన్‌కు వెళ్ళొచ్చు. ఇద్దరిలో ఎవరూ తప్పు చెప్పలేదు. ఒకరు సంచిని చూసి చెప్పారు, ఇంకొకరు నాళాన్ని చూసి చెప్పారు. పసరు సంగతి కింద చెబుతాను. ఈలోగా చలితో వణుకుతూ జ్వరం వచ్చినా, కళ్ళ పచ్చదనం పెరిగినా, మనిషి మగతగా తికమకగా మాట్లాడినా ఎంఆర్‌సీపీ తేదీ కోసం కూర్చోవద్దు. ఆ రాత్రే పెద్దాసుపత్రికి తీసుకుపోండి.

ఇక 8 మి.మీ. సంగతి. నా దగ్గరకొచ్చే వాళ్ళలో నూటికి తొంభైమంది మొదట అడిగేది "రాయి ఎంత సైజు సార్" అనే. పెద్దదంటే గుండె జారిపోతుంది, చిన్నదంటే ధీమా వస్తుంది. అడగాల్సింది అది కాదు, రాయి ఎక్కడుందని అడగాలి. కాలేయం రోజుకు అర లీటరు పైనుంచి లీటరు దాకా పైత్యరసం తయారుచేస్తుంది. పిత్తాశయం పట్టేది 30 నుంచి 50 మి.లీ. మాత్రమే. వచ్చిన రసంలో నీటిని పీల్చి చిక్కబరిచి దాచుకుంటుంది. మనం నెయ్యో నూనో తిన్నప్పుడు ముడుచుకుని దాన్ని నాళంలోకి వదులుతుంది, నాళం పేగులోకి చేరుస్తుంది. చెరువు అడుగున ఎంత పెద్ద బండ ఉన్నా పొలానికి నీళ్ళు పారుతూనే ఉంటాయి, తూములో గుప్పెడు రాయి ఇరుక్కుంటే మాత్రం పారుదల ఆగుతుంది, కట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది. సంచిలో 25 మి.మీ. రాయి ఏళ్ళ తరబడి మాట్లాడకుండా పడి ఉండొచ్చు. 4 మి.మీ. రాయి జారి నాళంలోకి దిగి, అదే వారంలో కామెర్లో, క్లోమం వాపో తెచ్చిపెట్టొచ్చు. మీ అమ్మగారి సంచిలో ఉన్నవి చిన్నవి, పైగా చాలా ఉన్నాయి. జారేవి అవే.

ఇప్పుడు ఆ "గ్యాస్ నొప్పి" గురించి. మన జిల్లాల్లో రొమ్ము కింద నుంచి బొడ్డు దాకా ఎక్కడ నొప్పి వచ్చినా గ్యాసే. "ఏం లేదు సార్, గ్యాస్ పట్టేసుండాది" అంటారు, మెడికల్ షాపులో మాత్ర కొంటారు, సోడా తాగుతారు. పిత్తాశయపు నొప్పికి ఒక తీరుంది. ఎక్కువగా రాత్రిపూట, పెళ్ళి భోజనమో బిరియానీయో తిన్న కొన్ని గంటలకు మొదలవుతుంది. కుడి డొక్కలోనో, రొమ్ము ఎముక కింద నడిమధ్యనో పట్టి, వీపు మీద కుడి రెక్కలోకి లాగుతుంది. అరగంటకు తక్కువ ఉండదు, నాలుగైదు గంటలు సాగి దానంతటదే విడుస్తుంది. మనిషి ఒకచోట కూర్చోలేడు. తేన్పు వచ్చినా, విరేచనమైనా తగ్గదు. తెల్లారేసరికి ఏమీ లేనట్టుంటుంది, అందుకే డాక్టరు దగ్గరకు పోరు. మళ్ళీ నెలకో, రెండు నెలలకో వస్తుంది. మీ అమ్మగారి రెండేళ్ళ గ్యాస్ ఇదే అయ్యుండాలి. గ్యాస్ మాత్రతో తగ్గిందనుకున్న రోజుల్లో కూడా అది దాని టైముకు అది తగ్గిందే.

ఇక్కడ ఒక హెచ్చరిక. షుగర్ ఉన్నవాళ్ళలో, నలభై దాటిన మగవాళ్ళలో ఇలాంటి నొప్పే గుండెపోటుకూ ఉంటుంది, ముఖ్యంగా గుండె కిందిగోడకు వచ్చే పోటుకు. నొప్పి వచ్చిన పూట ముందు ఈసీజీ తీయించాలి, కడుపు స్కాను ఆ తర్వాత. స్కానులో రాయి కనబడింది కదా అని గుండెను వదిలేయకూడదు. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు.

అసలు నొప్పే లేని రాళ్ళ మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది చదివి అవసరం లేనివాళ్ళు భయపడకూడదు. ఏదో హెల్త్ చెకప్‌లోనో, కిడ్నీ కోసం తీసిన స్కానులోనో రాయి బయటపడుతుంది. ఒక్కరోజూ నొప్పి ఎరుగరు. వాళ్ళలో ఏడాదికి నూటికి ఒకరిద్దరికే బాధ మొదలవుతుంది. వాళ్ళకు ఆపరేషన్ అక్కర్లేదు, "ముందు జాగ్రత్తగా తీసేద్దాం" అనే మాటకు లొంగనక్కర్లేదు. షుగర్ ఒక్కటే ఉందని కూడా తీయించుకోనక్కర్లేదు. మినహాయింపులు కొన్ని ఉన్నాయి: రాయి 3 సెం.మీ. దాటినా, సంచి గోడ సున్నంలా గట్టిపడినా, గోడ మీద పాలిప్ (లోపలికి పెరిగిన చిన్న బొడిపె) 10 మి.మీ. లేక అంతకు మించి ఉన్నా, సికిల్ సెల్ లాంటి రక్తం విరిగే జబ్బులున్నా నొప్పి లేకపోయినా తీయించడం మంచిది. చిన్న పాలిప్‌లు చాలావరకు గోడకు అంటుకున్న కొలెస్టరాల్ ముద్దలే, వాటిని అప్పుడప్పుడు స్కానుతో చూసుకుంటే చాలు. పిత్తాశయ క్యాన్సర్ గంగా మైదానంలో ఉన్నంత మన దక్షిణాదిలో లేదు. అయినా గోడ ఒకచోటే మందంగా ఉందని రిపోర్టులో రాస్తే తేలిగ్గా తీసుకోకుండా సీటీ చేయించాలి.

ఒకసారి నొప్పి వచ్చిందంటే మాత్రం లెక్క మారుతుంది. అది తిరిగి వస్తుంది, వచ్చేటప్పుడు ఒక్కోసారి చిక్కులు వెంటబెట్టుకుని వస్తుంది. రాయి సంచి మెడలో ఇరుక్కుని కదలకపోతే సంచి వాచిపోతుంది. నొప్పి ఆరేడు గంటలు దాటినా తగ్గదు, జ్వరం వస్తుంది, కుడి పక్కటెముకల కింద చేయి పెట్టి గట్టిగా ఊపిరి పీల్చమంటే నొప్పికి సగంలో ఆపేస్తారు. పాతకాలంలో ముందు యాంటీబయాటిక్స్‌తో చల్లార్చి, ఆరు వారాల తర్వాత రమ్మనేవాళ్ళు. ఇప్పటికీ కొన్నిచోట్ల ఆ అలవాటే నడుస్తోంది. మనిషి తట్టుకోగలిగితే వాపు వచ్చిన మొదటి మూడు రోజుల్లో, కుదరకపోతే వారం పది రోజుల్లోపు ఆపరేషన్ చేసేయడమే మేలని ఇప్పుడు తేలిపోయింది. ఆరు వారాలు ఆగిన వాళ్ళలో చాలామంది మధ్యలోనే మళ్ళీ నొప్పితో చేరతారు, అప్పటికి లోపల అతుకులు గట్టిపడి ఆపరేషన్ ఇంకా కష్టమవుతుంది. గుండె, ఊపిరితిత్తులు బాగోలేక మత్తు తట్టుకోలేని పెద్దవాళ్ళకు స్కాను చూస్తూ సన్న గొట్టం పెట్టి చీము తీసి గండం గట్టెక్కిస్తారు. షుగర్ ఉన్నవాళ్ళ విషయంలో నాకెప్పుడూ అదనపు భయం. వాళ్ళకు నొప్పి తక్కువగా తెలుస్తుంది, లోపల మాత్రం సంచి గోడ కుళ్ళిపోయి ఉంటుంది. మీ అమ్మగారు "ఇప్పుడు బానే ఉంది" అన్నా ఆ మాట నమ్మి ఊరుకోవద్దు.

ఇక నాళం. మీ ప్రశ్నలో అసలు సంగతి ఇదే. మామూలుగా నాళం 6 మి.మీ. లోపు ఉంటుంది, వయసుతో కొంచెం పెరుగుతుంది. 9 మి.మీ. అంటే కింద ఏదో అడ్డు ఉందేమో, లేక ఈమధ్యే ఒక రాయి దాటిపోయిందేమో అని అనుమానించాలి. కడుపు స్కాను పిత్తాశయంలో రాళ్ళను దాదాపు తప్పిపోకుండా పట్టేస్తుంది. నాళం కింది కొసలో రాళ్ళ దగ్గర మాత్రం తడబడుతుంది, ఎందుకంటే ముందున్న పేగులో గాలి అడ్డొస్తుంది. చాలా రాళ్ళు దానికి కనబడవు. అందుకే "స్కానులో నాళంలో రాయి లేదు" అన్న మాటను "రాయి కనబడలేదు" అని చదువుకోవాలి. బిలిరుబిన్ 4 దాటి, నాళం కూడా వెడల్పుగా ఉంటే, లేక స్కానులోనే నాళంలో రాయి కనబడితే, లేక నాళంలో చీము పట్టిన లక్షణాలుంటే నేరుగా ఈఆర్‌సీపీకి వెళ్ళొచ్చు. మీ అమ్మగారిది 2.4, అంటే మధ్యస్థం. అందుకే ముందు ఎంఆర్‌సీపీ అంటున్నాను. దాని బదులు ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్, అంటే నోటి గుండా పంపిన గొట్టంతో లోపలి నుంచే తీసే స్కాను, చేసినా సరే, చాలా చిన్న రాళ్ళకు అది ఇంకా మెరుగు, కానీ ఎంఆర్ఐ దొరికినన్ని ఊళ్ళలో అది దొరకదు. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు ఎంఆర్ఐకి ముందు ఆ సంగతి చెప్పాలి.

ఈఆర్‌సీపీ అంటే నోటి గుండా ఎండోస్కోపీ గొట్టాన్ని ఆంత్రమూలం (చిన్నపేగు మొదలు) దాకా పంపి, నాళం తెరుచుకునే చోట చిన్న గాటు పెట్టి, బుట్టతోనో బెలూన్‌తోనో రాయిని కిందకు లాగడం. ఆ గాటు పెట్టే విద్య 1974లో జర్మనీలో, జపాన్‌లో మొదలైంది. మన తెలుగు నేల మీద అది ఇంతగా వేళ్ళూనడానికి హైదరాబాదు డాక్టరు డి. నాగేశ్వర్ రెడ్డి గారి కృషి ఒక పెద్ద కారణం. పొట్ట మీద కోత లేకుండా రాయి బయటపడుతుంది, నిజమే. అలాగని దీన్ని మామూలు ఎండోస్కోపీలా "కెమెరా వేసి చూద్దాం" అనే పద్ధతిలో చేయించకూడదు. చేసినవాళ్ళలో నూటికి ముగ్గురి నుంచి పదిమంది దాకా క్లోమం వాపు వస్తుంది, ఎక్కువమందిలో తేలికగా పోతుంది, కొద్దిమందిలో ప్రాణం మీదకు తెస్తుంది. రక్తస్రావం, పేగుకు రంధ్రం అరుదుగా అవుతాయి. క్లోమం వాపు ముప్పు తగ్గించడానికి మలద్వారంలో ఇండోమెథసిన్ లేక డైక్లోఫెనాక్ బిళ్ళ పెడతారు. మీరు అడగాల్సిన ప్రశ్నల్లో అదొకటి. కామెర్లు కొన్నాళ్ళుగా ఉంటే విటమిన్ కె ఒంటికి పట్టదు, రక్తం గడ్డకట్టడం నెమ్మదిస్తుంది. కాబట్టి ముందు రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష చూసి, అవసరమైతే విటమిన్ కె ఇంజెక్షన్లు ఇస్తారు.

స్టెంట్ గురించి కొంచెం గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఈ పొరపాటు మన దగ్గర మరీ ఎక్కువ. రాయి ఒక్కసారికి రాకపోయినా, చీము ఎక్కువగా ఉన్నా నాళంలో ప్లాస్టిక్ గొట్టం పెట్టి పంపిస్తారు. కామెర్లు దిగిపోతాయి, ఆకలి పుడుతుంది, మనిషి తేరుకుంటాడు. "నయమైపోయింది" అని ఫైలు బీరువాలో పెట్టేస్తారు. ప్లాస్టిక్ స్టెంట్‌ను మూడు నెలల్లోపు తీయాలి, లేదా మార్చాలి. తర్వాత అది పూడుకుపోతుంది, దాని చుట్టూ కొత్త రాళ్ళు పేరుకుంటాయి, చలిజ్వరంతో మళ్ళీ వస్తారు. ఏళ్ళ తరబడి లోపల ఉండిపోయిన స్టెంట్లతో వచ్చినవాళ్ళను చూశాను. తీయడానికి అప్పుడు పడే పాట్లు మొదటి రాయికి పడినవాటికంటే ఎక్కువ. డిశ్చార్జి కాగితం మీద "స్టెంట్" అన్న మాట ఉందేమో చూడండి, ఉంటే తీసే తేదీ ఇంట్లో క్యాలెండర్ మీద రాసుకోండి.

నాళం శుభ్రమయ్యాక సంచి సంగతి మరిచిపోవడం ఇంకో పొరపాటు. రాళ్ళ గని అక్కడే ఉంది కదా. వీలైతే అదే అడ్మిషన్‌లో, కాకపోతే రెండు వారాల్లోపు సంచి తీయించాలి. క్లోమం వాపు వచ్చి తేలికగా తగ్గినవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది, ఇంటికి పంపే ముందే సంచి తీసేయాలి. తీవ్రంగా వచ్చినవాళ్ళకు మాత్రం వాపు, నీరు చల్లారేదాకా వారాల తరబడి ఆగాల్సి ఉంటుంది. కొన్నిచోట్ల ఈఆర్‌సీపీ లేకుండా ల్యాప్రోస్కోపీలోనే (చిన్న రంధ్రాల ఆపరేషన్‌లోనే) నాళం తెరిచి రాళ్ళు తీసేస్తారు. అలవాటున్న సర్జన్ చేతిలో అదీ మంచి దారే. 15 మి.మీ. దాటిన రాళ్ళయితే ఈఆర్‌సీపీలో ముందు పగలగొట్టాల్సి రావచ్చు.

ఇప్పుడు మీ మేనమామగారి పసరు. ఆయన్ను నేను తప్పుపట్టను, ఆయన చూసింది ఆయన చెబుతున్నాడు. మన పల్లెల్లో కామెర్లకు ఆకు పసరు తాగించడం, కంట్లో పోయడం, వాతలు పెట్టడం తాతల నాటివి. నీళ్ళవల్ల వచ్చే వైరస్ కామెర్లు, ఎ రకం గానీ ఇ రకం గానీ, ఎక్కువమందిలో వాటంతటవే నాలుగైదు వారాల్లో తగ్గిపోతాయి. ఆ నాలుగైదు వారాలు పసరు తాగి, ఉప్పూ నూనే మానేసి పత్యం చేస్తే, తగ్గిన పేరు పసరుకు పోతుంది. నాళంలో రాయి అడ్డుపడి వచ్చే కామెర్లు వేరు. వాటిలో మూత్రం చిక్కటి టీ డికాషన్ రంగులో ఉంటుంది, విరేచనం సుద్దముక్కలా పాలిపోతుంది, ఒళ్ళంతా దురద, ముఖ్యంగా రాత్రిపూట. పసరు ఏ రాయినీ నాళం లోంచి బయటకు నెట్టలేదు. ఆ వారాల్లో వెనక నిలిచిన పైత్యరసంలో చీము పడితే నొప్పి, చలిజ్వరం, కామెర్లు మూడూ కలిసి వస్తాయి. దానికి రక్తపోటు పడిపోవడం, మతి తప్పడం తోడైతే గంటల వ్యవహారం. యాంటీబయాటిక్స్ ఒక్కటే చాలవు, నాళం తెరిచి చీము దింపాలి. కంట్లో పోసే పసర్ల వల్ల చూపు పాడైనవాళ్ళూ ఉన్నారు. ఏ రకం కామెర్లయినా సరే, ఒక్క కడుపు స్కాను, ఒక్క లివర్ పరీక్ష చేయించి, అడ్డు లేదని తేలాక మామయ్య ఇష్టం.

నాళానికి అడ్డం పడేది ఎప్పుడూ రాయే కానక్కర్లేదు. అరవై దాటినవాళ్ళలో నొప్పి లేకుండా, బరువు తగ్గుతూ, దురదతో రోజురోజుకూ పెరిగే కామెర్లు వస్తే క్లోమం తలలోనో, నాళంలోనో గడ్డ ఉందేమోనని చూడాలి. నొప్పి లేదు కదా అని ఊరుకోవడానికి అది కారణం కాదు, ఎక్కువ భయపడాల్సింది అక్కడే. ఉదయగిరి, కనిగిరి మెట్ట ఊళ్ళలో గొర్రెలు, కాపలా కుక్కలు కలిసి మెలిగే ఇళ్ళలో కాలేయంలో హైడాటిడ్ తిత్తి (కుక్కల బద్దెపురుగు వల్ల వచ్చే నీటి తిత్తి) చూస్తుంటాం. అది నాళంలోకి పగిలితే ద్రాక్షతొక్కల్లాంటి పొరలు నాళానికి అడ్డం పడి కామెర్లు వస్తాయి. అలాంటి తిత్తిని ఏమీ తెలియకుండా సూదితో పొడిచి చూడకూడదు. ఏలికపాము నాళంలోకి దూరడం ఇప్పుడు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

చంటిపిల్లల మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. పుట్టిన బిడ్డకు కామెర్లు రెండు వారాలు దాటినా ఉంటే, మలం తెల్లగా పాలిపోయి ఉంటే "ఎండలో పడుకోబెట్టండి, పోతాయి" అనే మాట వినకండి. డైరెక్ట్ బిలిరుబిన్ పరీక్ష చేయించండి. పిత్తనాళాలు మూసుకుపోయే జబ్బు ఒకటుంది. దానికి జపాన్ సర్జన్ కసాయ్ కనిపెట్టిన ఆపరేషన్ బిడ్డకు 60 రోజులు నిండేలోపు చేస్తేనే ఫలితం బాగుంటుంది. కొంచెం పెద్ద పిల్లల్లో మాటిమాటికీ కడుపునొప్పి, కామెర్లు వస్తుంటే నాళమే సంచిలా ఉబ్బి ఉందేమో చూడాలి. ఆ ఉబ్బిన భాగాన్ని పూర్తిగా తీసి పేగును కాలేయనాళానికి కలుపుతారు. వదిలేస్తే పెద్దయ్యాక అందులో క్యాన్సర్ రావచ్చు.

ఆపరేషన్ గురించి. పిత్తాశయాన్ని మొదటిసారి తీసింది 1882లో బెర్లిన్‌లో లాంగెన్‌బుక్. రాళ్ళు తీసి సంచిని ఉంచేయడం కాదు, రాళ్ళు పుట్టే సంచినే తీసేయాలన్నది ఆయన వాదన, అది ఇప్పటికీ నిలిచింది. "రాళ్ళు మాత్రం తీసి సంచి వదిలేయండి సార్" అని ఇప్పటికీ అడుగుతారు. తీసినా మళ్ళీ పుడతాయి. 1985లో జర్మనీలో మ్యూహే ల్యాప్రోస్కోపీతో చేశారు, మన దేశంలో 1990లో ముంబై జేజే ఆసుపత్రిలో డాక్టర్ ఉద్వాడియా మొదలుపెట్టారు. ఇప్పుడు నాలుగు చిన్న రంధ్రాలతో గంట అటూ ఇటుగా అయిపోతుంది, ఎక్కువమంది మర్నాడో మూడోనాడో ఇంటికి పోతారు. పొట్ట ఉబ్బించడానికి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు, దానివల్ల ఒకటి రెండు రోజులు భుజం లాగుతుంది, కంగారు పడొద్దు. రోబో ఆపరేషన్ అని ఎక్కువ డబ్బు అడిగే చోట్లు ఉన్నాయి. మామూలు పిత్తాశయానికి దానివల్ల రోగికి అదనంగా ఒరిగేది పెద్దగా లేదని నా అభిప్రాయం.

ఈ ఆపరేషన్‌లో అసలైన గండం ప్రధాన నాళానికి దెబ్బ తగలడం. మంచి చేతుల్లో కూడా వెయ్యికి ముగ్గురు నలుగురికి జరుగుతుంది. అందుకే సంచిలోకి పోయే రెండే రెండు నిర్మాణాలు, ఒక నాళం, ఒక ధమని, విడివిడిగా కళ్ళకు కనబడేదాకా దేన్నీ కత్తిరించకూడదనేది నియమం. వాపు వల్ల అవి విడివిడిగా తెలియకపోతే సర్జన్ సంచిలో కొంత వదిలేసి బయటికి రావచ్చు, లేదా పొట్ట తెరిచి చేయొచ్చు. "ల్యాప్రోస్కోపీ అని చెప్పి కోశారు" అని గొడవపడే బంధువులను చూశాను. అలా తెరిచిన సర్జన్ మీ నాళాన్ని కాపాడాడని అర్థం. ఆపరేషన్ అయిన వారంలోపు నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే, పొట్ట ఉబ్బితే, జ్వరమో కామెర్లో వస్తే, డ్రెయిన్ గొట్టంలో ఆకుపచ్చ పసుపు రసం వస్తే అది గ్యాస్ కాదు. వెంటనే వెనక్కి వెళ్ళి స్కాను చేయించాలి. నాళం నిజంగా తెగితే దాన్ని అతికే పని కాలేయ, పిత్తనాళ శస్త్రచికిత్సలు రోజూ చేసేవాళ్ళకే అప్పగించాలి, మొదటి మరమ్మతే బాగా కుదిరే అవకాశం ఎక్కువ. తీసిన సంచిని తప్పకుండా బయాప్సీకి పంపమనండి. రాళ్ళను సీసాలో వేసి చేతికిచ్చి సంచిని పారేయడం చాలాచోట్ల జరుగుతుంది. అనుకోని క్యాన్సర్ బయటపడేది ఆ సంచి గోడలోనే.

షుగర్ మందుల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి ఉంటే కనీసం మూడు రోజుల ముందు ఆపాల్సి ఉంటుంది, లేకపోతే రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదముంది. అమ్మగారి మందుల చీటీ మొత్తం మత్తు డాక్టరుకు చూపించండి. రక్తం పలచబరిచే మాత్రలను సొంతంగా ఆపవద్దు, ఏది ఎన్నాళ్ళు ఆపాలో వాళ్ళు చెబుతారు. కిడ్నీ పరీక్ష కూడా ముందే చేయించండి. నొప్పి వచ్చినప్పుడల్లా ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ పొడిపించుకునే అలవాటు మనవాళ్ళకుంది. షుగర్ ఉన్నవాళ్ళ కిడ్నీలకు అది మంచిది కాదు, అప్పటికే క్రియాటినిన్ పెరిగి ఉంటే ఇంకా ప్రమాదం.

మందులతో కరగవా అంటే, ఉర్సోడియాక్సికోలిక్ ఆసిడ్ అనే మాత్ర ఉంది. సున్నం చేరని చిన్న కొలెస్టరాల్ రాళ్ళ మీదే, అదీ పనిచేస్తున్న సంచిలోనే, నెలల నుంచి రెండేళ్ళ దాకా వాడితే పనిచేయొచ్చు. మానేశాక ఐదేళ్ళలో సగంమందికి మళ్ళీ వస్తాయి. దక్షిణాదిలో రంగుపదార్థం కలిసిన రాళ్ళు ఎక్కువ, వాటి మీద అది పనిచేయదు. ఉలవకట్టు, అరటిదూట రసం, కొండపిండి ఆకు ఇవన్నీ కిడ్నీ రాళ్ళకు చెప్పుకునేవి. తాగిన నీళ్ళు మూత్రంలోకి పోతాయి గానీ పిత్తాశయంలోకి పోవు. ఆలివ్ నూనె, నిమ్మరసం తాగితే ఆకుపచ్చ ఉండలు పడ్డాయని వీడియోలు చూపిస్తారు. అవి ఆ నూనే పేగులో సబ్బుగా మారిన ఉండలు. తాగకముందు, తాగిన తర్వాత స్కాను తీస్తే లోపలి రాళ్ళు ఎక్కడివక్కడే ఉంటాయి.

కనిగిరి, పామూరు వైపునుంచి వచ్చేవాళ్ళు "మా నీళ్ళ వల్లనే రాళ్ళు సార్" అంటారు. ఆ నీళ్ళలో ఫ్లోరైడ్ ఎముకలను, పళ్ళను దెబ్బతీస్తుంది, పిత్తాశయంలో రాళ్ళను మాత్రం కట్టదు. రొయ్యలు తినడం వల్ల కూడా కాదు. కానుపులు, ఊబకాయం, షుగర్, వయసు, వంశం, ఉన్నట్టుండి బరువు బాగా తగ్గడం, అసలు కారణాలు ఇవి. నెలకు పదికిలోలు తగ్గిస్తామనే ఆహార నియమాలు, బరువు తగ్గడానికి ఇప్పుడు వాడుతున్న ఇంజెక్షన్లు కూడా రాళ్ళ ముప్పు పెంచుతాయి.

ఇక ఎక్కడ చేయించాలనే సంగతి. సంచి తీసే ఆపరేషన్ నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లోనూ, రెండు ఊళ్ళ ప్రైవేటులోనూ చేస్తారు. ఈఆర్‌సీపీ మాత్రం రోజూ చేసే చోటుకే వెళ్ళాలి. తిరుపతి స్విమ్స్, వేలూరు సీఎంసీ, చెన్నై, హైదరాబాదు మీకు తెలిసినవే. నెల్లూరులో అయితే వారానికి ఎన్ని చేస్తున్నారో మొహమాటం లేకుండా అడగండి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డుంటే చేరకముందే వైద్యమిత్ర దగ్గర కూర్చుని సంచి ఆపరేషన్, ఈఆర్‌సీపీ, స్టెంట్ తీయడం మూడింటికీ విడివిడిగా అనుమతి ఎలా వస్తుందో కనుక్కోండి. చాలామంది మొదటిదే అడిగి మిగతావి మరిచిపోతారు.

చివరి ప్రశ్న, తిన్నది అరుగుతుందా అని. అరుగుతుంది. సంచి పైత్యరసాన్ని తయారుచేయదు, దాచిపెడుతుంది, అంతే. అది లేకపోతే కాలేయం నుంచి రసం కొంచెం కొంచెంగా పేగులోకి దిగుతూనే ఉంటుంది. మొదటి రెండు మూడు వారాలు వేపుళ్ళు, నెయ్యి తగ్గించి ఇడ్లీ, పెరుగన్నం, పప్పుచారు, కూరగాయలు పెట్టండి. తర్వాత మెల్లగా మామూలు భోజనానికి రావచ్చు. చేపల పులుసు నూనె తక్కువ వేసి చేస్తే నెలలోపే తినొచ్చు. జీవితాంతం పత్యం అక్కర్లేదు. వారం పది రోజుల్లో ఇంటిపనులు చేసుకోవచ్చు, బిందెలు మోయడం, బస్తాలు ఎత్తడం నెలదాకా వద్దు. పదిమందిలో ఒకరికి తిన్న వెంటనే పల్చటి విరేచనాలవుతాయి, చాలావరకు కొన్ని వారాల్లో సర్దుకుంటాయి. సర్దుకోకపోతే కొలెస్టిరమైన్ అనే పొడి ఉంది. నీళ్ళలో కలిపి తాగితే పేగులో ఎక్కువైన పైత్యాన్ని పట్టుకుంటుంది. మిగతా మందులకూ దానికీ మధ్య కొన్ని గంటల ఎడం ఉండాలి, లేకపోతే వాటిని కూడా పట్టేస్తుంది.